ఉప్పుకోట చివరి ఎనిమిది పేజీలు

లైబ్రేరియన్ ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు అప్పుడప్పుడు మా ఇంటికి వస్తుంటారు. అందరూ మొదట అడిగేది ఒకటే. "సార్, పని తక్కువే ఉంటది గదా?"

తక్కువే అంటాను. పొద్దున తలుపులు తీయాలి, పేపర్లు బల్లల మీద పరవాలి, వచ్చినవాళ్లకు పుస్తకం ఇవ్వాలి, తెచ్చినవాళ్ల దగ్గర తీసుకోవాలి. ముప్పై ఒక్క ఏళ్లు నేను చేసింది ఇదే. పని తక్కువ కాబట్టే తప్పు చేయడానికి తీరిక దొరికింది.

చిన్న తప్పులు చాలా చేశాను. అవి చెప్పి మిమ్మల్ని నవ్వించగలను, ఒకటి చెప్తాను కూడా. కానీ ఇది రాయడానికి కూర్చున్నది ఒక పెద్ద తప్పు కోసం. దాని వల్ల ఒక మంచి టీచరమ్మ నలుగురిలో నవ్వులపాలయింది. ఒక్క నిజం చెప్తే ఆమె పరువు నిలిచేది. నేను నోరు తెరిచాను, కానీ నిజం చెప్పలేదు. అది తలుచుకుంటే ఇప్పటికీ తల ఎత్తలేను.

మా గ్రంథాలయం చేవెళ్లకూ మొయినాబాద్‌కూ మధ్య ఒక ఊళ్లో ఉండేది. ఊరి పేరు చెప్పను. ఇప్పుడు అక్కడ పనిచేస్తున్నవాళ్లకు ఈ పాపంలో భాగం లేదు.

పెద్దసారు నేర్పిన పని

నాకు పని నేర్పింది నాకన్నా ముందున్న లైబ్రేరియన్. పెద్దసారు అనేవాళ్లం. సంతకం పెట్టేటప్పుడు తప్ప కళ్లద్దాలు పెట్టుకునేవాడు కాదు, పుస్తకాన్ని వేళ్లతోనే చూసేవాడు. మైదాపిండి జిగురులో ఇంత మైలుతుత్తం కలిపితే పురుగు పట్టదని, కుట్టు వదిలిన పుస్తకాన్ని లాగి కట్టకూడదని ఆయనే చెప్పాడు. ఆయన నియమం ఒకటి ఉండేది. పేజీ పోతే దాని జాగాలో తెల్లకాగితం అతికించి, "ఇక్కడ పేజీ లేదు" అని రాయాలి.

"పన్ను ఊడితే సందు కనపడాలె సత్తయ్యా," అనేవాడు. "కనపడకుంట కట్టుడు పన్ను పెట్టుడు మన పని కాదు."

తర్వాత వచ్చిన పై అధికారులు అట్లాంటివాళ్లు కాదు. ఏడాదికోసారి జీపు దిగేవాళ్లు, పుస్తకాలు లెక్కపెట్టి, రిజిస్టరుతో సరిపోతే చాయ తాగి వెళ్లేవాళ్లు. పుస్తకం ఉన్నదా అని చూసేవాళ్లు తప్ప, పుస్తకంలో పేజీలు ఉన్నాయా అని ఒక్కడూ చూడలేదు. ఆ చూపు నాకూ అలవాటైంది. మీకు అలవాటు కాకుండా చూసుకోండి.

చిన్న తప్పు ఒకటి చెప్తానన్నాను కదా. చేరిన కొత్తలో, ఎవరు ఏది చదవాలో నాకే తెలుసనుకునేవాణ్ని. క్యారెట్ పండించే రైతు ఒకాయన సాయంత్రం పూట వచ్చి 'ఉప్పుకోట' నవల అడిగాడు. అది మాయలు మంత్రాల కథ, నీకెందుకని కూరగాయల సాగు పుస్తకం చేతిలో పెట్టాను.

ఆయన దాన్ని తిరగేసి, "పొద్దందాక గదే చేసి వస్తి సార్," అన్నాడు. "రాత్రి గూడ గదే చదవాల్నా?"

సిగ్గుపడి 'ఉప్పుకోట' ఇచ్చాను. ఆయన ఇంకా వస్తాడు ఈ కథలోకి.

ఉప్పుకోట

చదవనివాళ్ల కోసం ఆ నవల సంగతి చెప్తాను. కొండ మీద ఉప్పుతో కట్టిన కోట. వాన పడితే కరిగిపోతుందని పాత రాజులు మబ్బులను మంత్రంతో కట్టేశారు. కోట నిలిచింది, కింద ఊళ్లు ఎండిపోయాయి. ఆ వంశంలో చివరి పిల్ల నీలవేణి. ఉప్పుగుర్రం ఎక్కి ఒకసారి దొంగతనంగా కిందికి దిగుతుంది. ఒక ముసలమ్మ తన కుండలో మిగిలిన చివరి నీళ్లు ఆమెకు తాగిస్తుంది. అప్పట్నుంచి నీలవేణికి కోటలో నిద్ర పట్టదు. చివరికి తనే మంత్రం తెంపి వాన కురిపిస్తుంది. ఆమె కూడా ఉప్పులోంచి పుట్టిన పిల్లే కాబట్టి కోటతో పాటు తానూ కరిగిపోతుంది. కింద ఊళ్లవాళ్లు ఆ నీళ్లు తాగి, ఇయ్యాల నీళ్లు కొంచెం ఉప్పగున్నాయేమిటి అనుకుంటారు. అంతే, నవల అయిపోతుంది.

రాసినాయన సముద్రం దిక్కువాడు. అప్పటికే పోయాడు. అచ్చేసినవాళ్లు దుకాణం మూసేశారు. మా దగ్గర ఉన్నది ఒక్కటే ప్రతి. బోర్లు ఎండి, మబ్బులు మొయినాబాద్ దాకా వచ్చి తిరిగిపోయే మా ప్రాంతంలో ఆ పుస్తకాన్ని ఎట్లా చదివారో మీకు చెప్పలేను. నా బల్ల మీద ఎవరి తర్వాత ఎవరు అని పేర్లు రాసిన చీటీ ఒకటి ఎప్పుడూ ఉండేది.

క్యారెట్ రైతుకు ఇవ్వకముందే, నేను తప్ప ఊళ్లో ఇంకెవరూ పూర్తిగా చదవకముందే, ఒకసారి పుస్తకం తిరిగి వచ్చినప్పుడు చివరి ఎనిమిది పేజీలు లేవు. కుట్టు వదిలి జారిపోయాయో, ఎవరైనా ఇష్టపడి చింపుకున్నారో తెలియదు. పెద్దసారు చెప్పినట్టు తెల్లకాగితం అంటించాలి. అంటించలేదు. ఎందుకంటే చదివినవాళ్లు వచ్చి, "సార్, నీలవేణి ఏమాయె?" అని అడుగుతుంటే నోటితో చెప్పడం నాకు భలే ఇష్టంగా ఉండేది.

మొదట ఉన్నదున్నట్టే చెప్పాను. క్యారెట్ రైతు విని మండిపడ్డాడు. "వాన తెచ్చిన పిల్లను వానే తినుడేంది సార్? గిదేం న్యాయం?" అని సంతకం కూడా పెట్టకుండా వెళ్లిపోయాడు. నిజానికి నాకూ ఆ ముగింపు నచ్చలేదు. మరునాడు వచ్చిన ఇంకొకాయనకు మార్చి చెప్పాను. నీలవేణి కరిగిపోతుంటే, నీళ్లు తాగించిన ముసలమ్మ పరుగెత్తుకుంటూ కొండ ఎక్కి, తన గొంగడి ఆమె మీద కప్పి, వాన తగలకుండా ఇంటికి తీసుకుపోతుందని. మా దిక్కు గొర్ల కాపరులు వానలో గొంగడి కప్పుకొని తిరగడం చిన్నప్పట్నుంచి చూస్తున్నవాణ్ని, నోట్లోంచి అదే వచ్చింది. ఆయన కళ్లు తుడుచుకున్నాడు. నాకు కడుపు నిండింది.

వారం తిరగకముందే చాయ హోటల్ దగ్గర పంచాయితీ అయింది. కరిగిందని రైతు, కరగలేదని ఆయన. ఇద్దరూ ఒకరి చొక్కా ఒకరు పట్టుకున్నంత పని చేసి నా దగ్గరికి వచ్చారు.

"అచ్చుల ఏమున్నదో సూపెట్టు సార్. తెగిపోతది," అన్నాడు రైతు.

ఆ పేజీలు పోయాయని, ఒకరికి నిజం ఒకరికి అబద్ధం చెప్పానని ఒప్పుకోవాల్సింది అక్కడే. "బైండింగుకు పోయింది, వచ్చినంక సూపిస్త," అన్నాను.

మల్లేశం ప్రెస్సు

చేవెళ్లలో మల్లేశం అని పెళ్లి పత్రికలు అచ్చేసే ఆయన ఉండేవాడు. సీసపు అక్షరాలు ఒక్కొక్కటి ఏరి పేర్చే పాత ప్రెస్సు. చివరి పేజీలు పోయాక చదివినా అతనికి 'ఉప్పుకోట' అంటే ప్రాణం. పోయిన పేజీలకు నా దగ్గర రాసిపెట్టుకున్న నకలు ఉందని చెప్పాను. ఆ నకలు నేను రెండు సాయంత్రాలు కూర్చొని సొంతంగా రాసింది.

పైసా వద్దన్నాడు. పెళ్లిళ్లు లేని మూఢంలో కూర్చొని పేర్చాడు. మధ్యలో ఒకచోట ఆగి అడిగాడు. "రాసినాయన సముద్రం దిక్కాయన అంటిరి గదా సార్. గొంగడి సంగతి ఆయనకెట్ల ఎరుక?"

"సదువుకున్నోళ్లకు ఎరుక లేనిది ఏముంటది మల్లేశం," అన్నాను.

నమ్మాడు. అతనికి నా మీద అంత గౌరవం.

కొత్త కాగితం మరీ తెల్లగా కనిపించింది. డికాషన్ కాచి, పళ్లెంలో పోసి, ఒక్కో కాగితం ముంచి, గ్రంథాలయం వెనక తాడు మీద ఆరేశాను. ఈ ముక్క ప్రత్యేకంగా రాస్తున్నాను. నోటితో కథ మార్చి చెప్పడాన్ని సరదా అనుకోవచ్చు, రాయడాన్ని తెలివితక్కువతనం అనుకోవచ్చు. డికాషన్‌లో ముంచాక అది మోసం. ఆ పని చేసేటప్పుడు ఈల వేసుకుంటున్నాను, బాగా గుర్తు.

పుస్తకం కుట్టి తెచ్చి బల్ల మీద పెట్టాను. రైతు నిలబడే చదివాడు. తన మాట ఓడిపోయినందుకు అతనంత సంతోషపడిన మనిషిని నేను చూడలేదు. "నేనే తప్పు విన్నట్టున్న సార్," అన్నాడు. విన్నది అతను సరిగ్గానే విన్నాడు. ఎదుటివాడి చెవిని తప్పు పట్టేలా చేయడం నాకు అప్పుడే అలవాటైంది.

కవిత, అవ్వ

చిన్న మంగళారం నుంచి మా ఊరి బడికి నడిచి వచ్చే పిల్లల్లో కవిత ఒకతి. తల్లి లేదు. అమ్మమ్మ పెంచింది, ఆమెనే అవ్వా అని పిలిచేది. అవ్వ పూల తోటల్లో కూలికి పోయేది. కవిత ఏడో తరగతి నుంచి 'ఉప్పుకోట' ఎన్నిసార్లు తీసుకుపోయిందో చీటీ చూస్తే తెలిసేది. చీటీలో ప్రతి మూడో పేరు ఆమెదే.

ఒక రోజు అవ్వ తనే వచ్చింది. చెప్పులు బయట విడిచి, గడప దగ్గర నిలబడింది.

"సారూ, మా పిల్లకు జరమొచ్చింది. గొంగడి పుస్తకం కావాల్నట, జర ఇయ్యుండ్రి."

"సదువుతుంటె జరం పోతదా అవ్వా?" అని నవ్వాను.

"పిల్లకు కాదు సారూ, నాకే కావాలె. ఆఖరి ముక్క సదివి వినిపిస్తది. ఆ ముసలిది నేనే అనిపిస్తది నాకు."

ఆమె పుస్తకాన్ని కొంగులో చుట్టుకొని పోతుంటే నేను కుర్చీలో వెనక్కి వాలి కూర్చున్నాను. రచయితను నేనే అన్నంత గర్వం. ఆ గర్వం చాలా ఏళ్లు ఉన్నది. రిటైర్ అయ్యే ముందు మాత్రం భయం పట్టుకుంది. కొత్తగా వచ్చేవాళ్లు కంప్యూటర్లో ఎక్కిస్తారు, ఎవరైనా పోల్చి చూస్తారని ఆ ప్రతిని చిరిగిన పుస్తకాల జాబితాలో రాసి, ఇంటికి తెచ్చుకొని అటక మీద పెట్టాను. దొంగతనం అనండి, నేను కాదనను.

సినిమా వచ్చింది

నేను దిగిపోయిన నాలుగేళ్లకు 'ఉప్పుకోట' సినిమాగా వచ్చింది. దాంతో పాటు నవల కొత్త ముద్రణ కూడా వచ్చింది. పాటల కోసం కథ ఆపారని ఒకరు, ఉప్పుగుర్రాన్ని తీసేశారని ఒకరు, నీలవేణి వేషం వేసిన అమ్మాయి మరీ తెల్లగా ఉందని ఒకరు, ఉప్పు పిల్ల తెల్లగా కాక ఎట్లా ఉంటుందని ఇంకొకరు. ఫోన్లలో రోజూ కొట్లాటే. నేను అన్నీ చదివేవాణ్ని.

కవిత అప్పటికి మొయినాబాద్‌లో ఒక ప్రైవేటు బడిలో తెలుగు టీచర్. శనివారం పిల్లలతో కథల గంట నడిపేది, ఊళ్లో దానికి మంచి పేరు. అవ్వ పోయి చాలా కాలమైంది. కవిత సినిమా చూసి వచ్చి ఫోన్లో రాసింది. ముగింపు మార్చారని, నీలవేణిని చంపేశారని. కొత్త ముద్రణలో కూడా అట్లాగే ఉంది కదా అని ఎవరో అంటే, సినిమా కోసం పుస్తకాన్ని కూడా మార్చేశారని గట్టిగా జవాబు రాసింది. మా చుట్టుపక్కల మా గ్రంథాలయంలో చదివినవాళ్లంతా ఆమె వెనక నిలబడ్డారు. క్యారెట్ రైతు కొడుకు సైతం గొంగడి ఏదని అడుగుతూ రాశాడు. మిగతా వాళ్లకు ఏం అర్థం కాలేదు. ఏ గొంగడి అని అడిగారు.

గండిపేట దగ్గర ఒక కాలేజీ పిల్లలు దీని మీద చర్చ పెట్టి కవితను పిలిచారు. ఆమె నాకు ఫోన్ చేసింది.

"సార్, మీరు రావాలె. నాకు పుస్తకం చేతిల పెట్టింది మీరే. మీరు ముందట కూసుంటె నాకు ధైర్యం."

పాత ప్రతి ఎవరి దగ్గర ఉంటుందిలే అనుకొని వెళ్లాను. ఇంకో కారణం కూడా ఉంది, అది మరీ సిగ్గుచేటు. నా ఎనిమిది పేజీల మీద జనం కొట్లాడుకుంటుంటే వినాలని ఉండింది.

మైకు నా చేతికి వచ్చినప్పుడు

హాలు నిండిపోయింది. మొదటే నాకు శాలువా కప్పి ముందు వరుసలో కూర్చోబెట్టారు. కవిత లేచింది.

"సినిమాల గుర్రం తీసేసిన్రు, ఊకున్నం. పాటలు పెట్టిన్రు, ఊకున్నం. ముగింపు మార్చుడు మాత్రం అన్యాలం. నీలవేణి కరగదు. కింది ఊరి ముసలవ్వ గొంగడి కప్పి ఇంటికి తీస్కపోతది. వాన తెచ్చిన పిల్లకు ఒక ఇల్లు దొరుకుతది. గదే ఈ కథ."

మా దిక్కువాళ్లు చప్పట్లు కొట్టారు. హాలులో సగం మంది నా ముగింపే గొప్పదని అరుస్తుంటే నేను లోపల్లోపల పొంగిపోయాను. దేవుడా, పొంగిపోయాను.

అప్పుడు వెనక వరుసలోంచి ఒక కుర్రవాడు లేచాడు. మర్యాదగానే మాట్లాడాడు. "మేడం, కొత్త ఎడిషన్‌లో మార్చారంటున్నారు కదా. ఇది మా తాతగారిది. సినిమా ఊసే లేనప్పటి ఫస్ట్ ప్రింట్." సంచిలోంచి అట్ట ఊడిన పాత పుస్తకం తీసి, చివరి పేజీ పైకి చదివాడు. నీలవేణి కరిగిపోయింది. నీళ్లు ఉప్పగా ఉన్నాయి. నవల అయిపోయింది.

తర్వాత ఎక్కడినుంచో, "మరి గొంగడి ఏది మేడం?" అని వినిపించింది. హాలంతా నవ్వు. ఇంకెవరో, "మేడం సొంత డైరెక్షన్," అన్నారు. మళ్లీ నవ్వు. ఫోన్లు పైకి లేచాయి.

కవిత ఆ పుస్తకాన్ని తీసుకొని చివరి పేజీలు రెండుసార్లు తిప్పింది. అప్పుడు నా దిక్కు చూసింది. "సార్, మన లైబ్రరీ పుస్తకంల ఎట్లున్నదో మీరు చెప్పుండ్రి."

మైకు నా చేతికి ఇచ్చారు. శాలువా జారిపోతుంటే సర్దుకున్నాను. పక్క కుర్చీల్లో పెద్దమనుషులు నన్ను చూసి చిరునవ్వు నవ్వుతున్నారు.

"చిన్న పిల్లప్పుడు చదివింది గదా," అన్నాను. "మనసుకు నచ్చినట్టు యాదికుంటది. బిడ్డ తప్పేం లేదు. ఇంతటితోని ఇడిసిపెట్టుండ్రి."

ఆమెను నేను క్షమిస్తున్నట్టు మాట్లాడాను. చప్పట్లు కూడా కొట్టారు, పెద్దాయన ఎంత బాగా సర్దిచెప్పాడని. కవితకు కోపం రాలేదు. అది వస్తే బాగుండేది. తలవంచుకొని, లోపల ఏదో వెతుక్కుంటున్నట్టు కూర్చుంది. నా మాట నమ్మింది.

ఆ తర్వాత

ఆ వీడియో అందరి ఫోన్లలో తిరిగింది. బడి పిల్లలు చాటుగా గొంగడి మేడం అనడం మొదలుపెట్టారు. అచ్చువేసినవాళ్ల మీద లేనిపోని నింద వేసిన మనిషి పిల్లలకు ఏం పాఠం చెప్తుందని తల్లిదండ్రులు ఎవరో అడిగారట. శనివారం కథల గంట ఆపేయమని బడివాళ్లు చెప్పారు.

మల్లేశం ఫోన్ చేశాడు. ఇప్పుడతను మొయినాబాద్‌లో ఫ్లెక్సీలు వేస్తాడు.

"సార్, వీడియో చూసిన. గొంగడి పేజీ నా చేతులతోని పేర్చిన గదా. ఆ పిల్ల యాది తప్పిందని ఎట్లంటిరి?"

నేను లేచి తలుపు దగ్గరికి వేసి వచ్చాను.

"అంటే అది నకలు కాదా సార్? నాకు గూడ అబద్ధమే చెప్తిరా?"

"మల్లేశం, జర ఎవ్వరికి చెప్పకు," అన్నాను.

"మీరే చెప్పుండ్రి సార్. మీరు చెప్పకుంటె నేను చెప్త," అని పెట్టేశాడు. ముప్పై ఏళ్ల పరిచయంలో నాతో అంత గట్టిగా మాట్లాడటం అదే మొదలు. అయినా నేను కదల్లేదు. నాలుగు రోజులు అటక దిక్కు కూడా చూడలేదు. తనంతట తాను ఒప్పుకున్న మనిషినని నన్ను అనుకోకండి.

ఐదో రోజు పొద్దున కవితే వచ్చింది, ఒక కవర్లో జామపండ్లు పట్టుకొని.

"సార్, మిమ్మల్ని గూడ అందరి ముంగట ఇబ్బంది పెట్టిన. లైబ్రరీ పేరు ఖరాబ్ చేసిన. ఏమనుకోకుండ్రి."

కూర్చోమన్నాను. నీళ్లు ఇస్తే తాగలేదు. గ్లాసు చేతిలోనే పట్టుకుంది.

"ఒక్కటి అడుగుత సార్. అవ్వ పోయే ముంగట మూడు దినాలు నన్ను ఆఖరి ముక్క సదువుమన్నది. పుస్తకం పట్టుకొని సదివిన. ఇప్పుడేమో పుస్తకంల అది లేనే లేదు. మరి నేను ఏం సదివిన సార్? కాయిదం చూసుకుంట సొంతంగ అల్లి చెప్పిన్నా? సదువురాని మనిషిని మోసం చేసిన్నా?"

తనను జనం నవ్విన సంగతి ఆమె ఎత్తనే లేదు. ఈ ప్రశ్న ఒక్కటే మోసుకొని వచ్చింది.

నేను స్టూలు వేసుకొని అటక ఎక్కాను. పుస్తకం కోసం తడుముతుంటే రెండు డబ్బాలు కింద పడ్డాయి. పుస్తకం తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. అట్ట చూడగానే గుర్తుపట్టింది. గబగబా చివరికి తిప్పింది. వేలు పెట్టి చదువుకుంటూ పోయి ఒకచోట ఆగింది.

"ఉన్నది! సార్, ఉన్నది! గొంగడి ఉన్నది!" ఏడుస్తున్నది, నవ్వుతున్నది. "ఇది వేరే ముద్రణ అయి ఉంటది సార్. నేను అబద్ధం చెప్పలే. అవ్వకు నిజమే సదివిన." ఫొటో తీయడానికి ఫోన్ బయటికి తీసింది.

ఆ సంతోషంలో ఆమెను అట్లాగే పంపేయాలని ఒక్క క్షణం అనిపించింది. నా గుణం అంత పాడుది.

"ఫొటో తీయకు బిడ్డా," అన్నాను. "అవి నేను రాసిన పేజీలు."

మొత్తం చెప్పాను. మల్లేశం ప్రెస్సు, డికాషను, అటక, అన్నీ. ఆమె పుస్తకం మూయలేదు. వేలు ఆ గొంగడి మీదే ఉన్నది.

"ఆ పొద్దు మైకు పట్టుకున్నప్పుడు మీకు యాదిలున్నదా సార్ ఇదంత?"

"ఉన్నది."

"పుస్తకం ఇంట్లనే ఉండెనా?"

"ఉండె."

"మీరు రాసిన్రని నాకు కోపం లేదు. అవ్వకు అది మంచిగ అనిపించింది. నా యాది తప్పిందన్నరు సూడుండ్రి..." అప్పుడు పుస్తకం మూసింది. "వారం సంది నేను నన్నే నమ్ముతలేను సార్."

"ఏం చెయ్యమంటవో చెప్పు బిడ్డా."

"నన్నడుగుతున్నరా సార్?" అన్నది.

చేసింది, చేయలేనిది

మల్లేశాన్ని తోడు తీసుకొని కవిత బడికి వెళ్లాను. పిల్లలందరి ముందు నిలబడి జరిగింది చెప్పాను. ఒక చిన్న పాప చెయ్యెత్తి, "తాతా, మంచిగ రాయొస్తది గదా, మరి నీ పేరు మీద వేరే కథ రాసుకోవచ్చు గదా?" అని అడిగింది. కథల గంట మళ్లీ మొదలైంది.

కాలేజీ పిల్లలకు కూడా ఫోన్ చేశాను. సినిమా హాళ్లలోంచి పోయింది సార్, ఇప్పుడు వేరే సినిమా మీద చర్చ నడుస్తోందని చెప్పారు. సరేనని మల్లేశం ఫోన్లోనే నేను జరిగిందంతా చెప్తుంటే వీడియో తీసి పెట్టాం. కవితను చూసి నవ్వినవాళ్లలో నాది చూసినవాళ్లు ఎవరో ఒకరిద్దరు. అబద్ధం బస్సెక్కి పోయింది, నిజం నడుచుకుంటూ వెనక పోతున్నది. నడక ఎప్పటికి అందుకుంటుందో నాకు నమ్మకం లేదు.

ఉద్యోగంలో కొత్తగా చేరినవాళ్లకు నేను చెప్పగలిగింది ఇంతే. పుస్తకం మీకన్నా తెలివైనది కాకపోవచ్చు. ముగింపు మీకు నచ్చకపోవచ్చు. మీ దగ్గర అంతకన్నా మంచిది ఉండొచ్చు కూడా. అయినా చదివేవాళ్లు మీ చేతిలోంచి తీసుకునేటప్పుడు, ఇది ఆయన రాసిందే అని నమ్మి తీసుకుంటారు. ఆ నమ్మకం తప్ప మన దగ్గర వేరే ఆస్తి లేదు. పేజీ పోతే పోయిందని రాయండి.

ఆ రోజు తనతో తీసుకుపోయిన పుస్తకం పట్టుకొని పోయిన నెల కవిత మళ్లీ వచ్చింది. గ్రంథాలయానికి తిరిగి ఇచ్చేద్దామన్నది. గొంగడి పేజీలు చింపేద్దామా అని అడిగాను. వద్దన్నది. ముందు ఒక చీటీ అంటిస్తే చాలు, అది మీ చేతితోనే రాయండి అన్నది. మైదాపిండి జిగురు నేనే కాచాను. మైలుతుత్తం మరిచిపోలేదు.

ఎనిమిది పేజీలు రెండు సాయంత్రాల్లో రాసినవాణ్ని, ఆ చీటీకి పొద్దంతా పట్టింది. చివరికి రాసి ఇచ్చాను. "ఈ పుస్తకంలో చివరి ఎనిమిది పేజీలు రచయితవి కావు. అసలు పేజీలు పోగా అప్పటి లైబ్రేరియన్ చేర్చినవి."

కవిత చదివి, నా కలం నాకే ఇచ్చింది.

"అప్పటి లైబ్రేరియన్‌కు పేరు లేదా సార్?"

కొత్త కాగితం తీసుకున్నాను. ఇప్పుడు ఆ పుస్తకం తెరిచినవాళ్లకు మొదట కనిపించేది ఇది:

"ఈ కథలో నీలవేణి కరిగిపోతుంది. రచయిత రాసింది అదే. చివరి ఎనిమిది పేజీలు దొంగ పేజీలు, గొంగడి కప్పింది నేను. కవిత ఏం చదివిందో అదే గుర్తుపెట్టుకున్నది. ఆమె యాది తప్పలేదు. అబద్ధం ఆడింది నేను. ఆలూరి సత్తయ్య, లైబ్రేరియన్."